చిల్లు చుట్టూ ఉన్న ఎముక

పెంచలమ్మ ఆపరేషన్ వద్దనేసింది. డాక్టర్ లోహితకి అది మింగుడు పడలేదు.

ఎలా పడుతుంది? పెంచలమ్మకి ఎప్పుడో వేసిన కృత్రిమ తుంటి కీలు వదులైపోయింది. అటూ ఇటూ కదులుతూ, తాను కూర్చున్న గిన్నెలాంటి ఎముకనే అరగదీసేసింది. నెల్లూరులో కారం దోసెల బండి దగ్గర పొద్దస్తమానం నిలబడి బతికిన మనిషి ఆమె. ఇప్పుడు బాత్రూమ్‌కి పోవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఇంకా ఆలస్యం చేస్తే కొత్త కీలు బిగించడానికి ఎముకే మిగలదు. ఇక జీవితమంతా మంచమే.

పాపం, లోహిత తక్కువ కష్టపడిందా? స్కాన్ తీయించింది. కంప్యూటర్‌లో మంచి వైపు తుంటిని అద్దంలో బొమ్మలా తిప్పి, చెడ్డ వైపు మీద పెట్టి చూసింది. రెంటికీ తేడా ఎంతో, పోయిన ఎముక అంత. దాన్ని మిల్లీమీటర్లతో సహా తేల్చి ఎర్ర రంగు వేసింది. అంతటితో ఆగిందా, ఆ తుంటిని ప్లాస్టిక్‌తో అచ్చు తీయించి మరీ పెంచలమ్మ చేతిలో పెట్టింది.

"చూడమ్మా, గిన్నె సగానికి దగ్గరగా పోయింది" అంది.

ఎంత బాగా కొలిస్తే మాత్రం, అలా చెప్తారా ఎవరైనా! పెంచలమ్మ వేలు గిన్నె అడుగున పడిన చిల్లులోంచి అవతలికి వచ్చేసింది. ఆ వేలి వంకే కాసేపు చూసి, బొమ్మని పక్కన పెట్టేసింది.

"ఇంత పోయినాక ఇంకేం నిలబెడతావు తల్లీ? నన్ను ఇంటికి పంపించెయ్" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

లోహిత ఆ బొమ్మ పట్టుకుని గురువుగారు డాక్టర్ దేవసహాయం గదికి వెళ్లింది. ఆమెకి తుంటి ఆపరేషన్ నేర్పుతున్నది ఆయనే. ఆయన అప్పుడే భోజనం ముగించి క్యారేజీ సర్దుకుంటున్నారు.

"నా లెక్కలో తప్పు లేదు సార్. మళ్లీ మళ్లీ చూశాను. ఉన్నది ఉన్నట్టు చెప్తే భయపడిపోయింది. నేనేం చెయ్యను?"

ఆ గొంతులో పొగరు కొంచెం, బాధ బోలెడు.

"ఏదీ, ఇటివ్వు." ఆయన బొమ్మని ఇటు తిప్పారు, అటు తిప్పారు. "బాగా కొలిచావమ్మా" అన్నారు. అని, ఉన్నట్టుండి దాన్ని ఆమె వైపు విసిరేశారు.

"అయ్యో సార్!" లోహిత రెండు చేతులతో గభాల్న పట్టేసుకుంది.

"కదలకు. ఎక్కడ పట్టుకున్నావో చూసుకో."

చూసుకుంది. ఒక చెయ్యి గిన్నె పైనున్న మందపాటి ఎముక మీద ఉంది. రెండోది వెనక గోడ మీద. అంత కంగారులోనూ ఒక్క వేలు కూడా చిల్లు వైపు పోలేదు.

"అక్కడ ఎముక ఎంతుంది?"

పోయినదాన్ని అంత పట్టుదలగా కొలిచిన పిల్ల, ఉన్నదాన్ని కొలవనే లేదు.

లోహిత మెల్లగా అడిగింది. "అయితే పోయిందని చెప్పొద్దా సార్?"

"చెప్పొద్దని ఎవరన్నారు? అబద్ధమాడితే నేనూరుకోను. కానీ ఆమె నిలబడాల్సింది ఉన్నదాని మీదే కదమ్మా."

లోహిత మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం వార్డుకి వచ్చి, ఈసారి మంచం పక్కన నిలబడకుండా పెంచలమ్మని ఆనుకుని కూర్చుంది. అట్లకాడ పట్టి పట్టి కాయలు కాసిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, ప్లాస్టిక్ బొమ్మ మీద పెట్టింది.

"ఇక్కడ పోయిందమ్మా. అది నిజమే. దీన్ని లోహపు ముక్కతో మూస్తాం. ఇప్పుడు ఇదిగో, ఇక్కడ పట్టుకో. ఈ పైన నా బొటనవేలంత మందం ఉంది. స్క్రూలు దిగేది ఇందులోకే. వెనకాల తడుము... ఇదీ గట్టిగానే ఉంది. పరిగెత్తిస్తానని చెప్పను. చేతికర్రతో నిలబడతావని మాత్రం నా నమ్మకం."

పెంచలమ్మ వేళ్లు ఆ అంచు వెంబడి మెల్లగా తిరిగాయి.

"ఇదంతా నాదేనా?"

"నీదే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి పొద్దున చెప్పలేదేం తల్లీ?"

"పొద్దున నేను చూడలేదమ్మా" అంది లోహిత. ఆ మాట అంటుంటే తనకీ ఏడుపొచ్చేసింది.

పెంచలమ్మ ఆమె తల నిమిరింది.

"సర్లే, ఊరుకో. ఎప్పుడు చేస్తావో చెయ్యి."