ఏడో మైలు సుంకులమ్మ: పట్టాలు పక్కకు తొలగిన చరిత్ర

ఈ తల్లి చరిత్ర నాకు మొదట చెప్పినది మా మేనత్త కుళ్లాయమ్మ. ఆమె లింగమ్మకు సొంత మనుమరాలు. లింగమ్మ ఎవరో ముందుకు తెలుస్తుంది. మేనత్త చెప్పినది చెప్పినట్టే రాస్తున్నాను. నా సొంత మాట ఎక్కడైనా కలిపితే, కలిపినానని అక్కడే చెప్తాను. ఈమధ్య అచ్చయిన ఇంకొక బుక్కులో ఆ పద్ధతి లేదు.

పెద్దమడుగు జంక్షను నుంచి పాలరాళ్లదిన్నె గనుల దాకా పద్నాలుగు మైళ్ల చిన్న లైను ఉన్నది. ఏడో మైలు దగ్గర అంతా చదునైన రేగడి చేలు. వాగు లేదు, గుట్ట లేదు. అయినా పట్టాలు అక్కడ పడమటికి వంగి, నూరు గజాలు పోయి, మళ్లీ తిన్నగా అవుతాయి. ఆ వంపులో శ్రీ సుంకులమ్మ తల్లి తూర్పు ముఖంగా, లైనుకు వీపు చేసి కొలువై ఉన్నది. విగ్రహం మోకాలెత్తు రాయి. పసుపు పూయరు, ఒళ్లంతా తెల్లని సున్నమే. వీపు మీద తారుతో రాసిన ఏడు అంకె ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అది చూసి నవ్వుతారు. నవ్వవద్దని మనవి.

బండి ఆగిపోయి పంతొమ్మిది ఏండ్లు అయినది. మొక్కుబడి ఉన్నవారు మాత్రం నేటికీ ఆరో మైలు దగ్గర చెప్పులు విడిచి, పట్టాల నడుమ స్లీపర్ల మీదనే నడిచి వస్తారు. ఇనుమును కాలితో తొక్కరు. ఇప్పుడు ఈ లైనును శాశ్వతంగా మూసివేసి, పట్టాలు పెరికి తీసుకుపోవాలని ప్రతిపాదన వచ్చినది. ఆ కాగితం స్టేషను గోడకు అంటించినారు. అమ్మవారి గుడిని అందులో "లైను నిలిచిపోయిన తరువాత కట్టిన ఆక్రమణ" అని రాసినారు. పట్టాలతో పాటు గుడిని కూడా తీసివేస్తారన్న మాట. అభ్యంతరాలకు గడువు ఈ నెల ఇరవై ఎనిమిది, ఇంకా పదకొండు దినాలే ఉన్నాయి. ఆ కాగితం చదివించుకున్న నాటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. అన్నం ముందర కూడా లేచి తిరుగుతున్నాను.

పూర్వం ఇక్కడ తెల్లదొరల కాలంలో ఈ లైను వేసినారు. గనుల నుంచి తిన్నగా రావాలని దొర దారం పట్టించి గీత గీసినాడు. గ్యాంగుకు మేస్త్రి మద్దిలేటి. ఆయన భార్య లింగమ్మ గంపలతో కంకర మోసేది, మైలురాళ్లకు సున్నం కొట్టేది. ఏడో మైలు కొలత పడిన చోట, గీత పక్కనే, ఒక రాయి ముందే నిలబడి ఉన్నది. కొత్త రాయి పాతే పని తప్పిందని దొర గుమాస్తా సంతోషించి, దానికే సున్నం కొట్టమన్నాడు. లింగమ్మ ఒక పక్క పూసి, రెండో పక్కకు వచ్చి చూసి చెయ్యి ఆపింది.

"అయ్యా, ఇది మైలురాయి కాదు. దీనికి కండ్లు ఉండాయి."

"ఉంటే మంచిదే కదమ్మా! బండి వచ్చేది దూరం నుంచే చూసుకుంటుంది. కొట్టు, కొట్టు," అన్నాడు గుమాస్తా. గ్యాంగంతా నవ్వినారు. మద్దిలేటి కూడా నవ్వినాడు. ఆయన మా ముత్తాతే, అయినా ఈ తప్పు దాచను. సున్నం ఆరినాక గుమాస్తా తారుతో ఏడు అంకె వేసినాడు.

మరునాడు మధ్యాహ్నానికి పట్టాలు రాయికి దూరంగా జానెడు జరిగి ఉన్నాయి. గ్యాంగు గడ్డపారలు వేసి మళ్లీ గీతకు తెచ్చినారు. మరునాడు మధ్యాహ్నం కూడు తిని వచ్చి చూస్తే మళ్లీ జానెడు. ఇట్లా ఆరు దినాలు. దొరకు కోపం వచ్చి, ఇది మేస్త్రి చేస్తున్న అల్లరి అని మద్దిలేటిని తెచ్చి సామాన్ల కొట్టంలో వేసి తాళం పెట్టించినాడు. జైలుకు పంపుతానన్నాడు.

లింగమ్మ మొగుణ్ణి ఎట్లా విడిపించుకోవాలో తెలియక, మట్టమధ్యాహ్నం తడిగుడ్డ తీసుకుని ఆ రాయి దగ్గరకు పోయింది. సున్నం తుడుద్దామని కూర్చుని, ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో ముఖమంతా సున్నమైన ముసలామె కనిపించి, "మొహాన సున్నం కొట్టినారు, ఊరకుండినా. వీపున అంకె రాసినారు, ఊరకుండినా. ఇప్పుడు నన్ను ఒరుసుకుంటా బండి తోలుతారా? తొమ్మిది అడుగులు తొలగండి. ఆ గుడ్డ అవతల పారెయ్యి. పూసిన చేతితోనే ఏటేటా పూయి. మీరు చేసిన తప్పు మీ పిల్లలకు కూడా గుర్తుండాల," అన్నది.

లింగమ్మ లేచి నేరుగా దొర డేరాకు పోయింది. ఆమె చెప్పినది గుమాస్తా దొర భాషలో చెప్పినాడు. దొర నవ్వి, ఆమెను పొమ్మన్నాడు. ఆమె పోలేదు.

"మా ఆయన మీ తాళం కింద ఉండాడు. గ్యాంగును కూడా మీ డేరా ముందరే కూర్చోబెట్టుకోండి. పట్టాల కాడ మీరే ఉండండి. జరగకపోతే నన్ను కూడా ఆ కొట్టంలోనే వేయండి," అన్నది.

దొర మరునాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ నూరు గజాలలో మనిషి లేడు. ఎండలో, ఆయన కండ్ల ముందర, స్లీపర్లు కిర్రుమన్నాయి, కంకర రాలింది, పట్టాలు రెండూ కలిసి పడమటికి జరిగినాయి. దొర టోపీ తీసి చేతిలో పట్టుకుని, తాళం తానే తీసినాడు. తొమ్మిది అడుగులు తొలగించి వంపు వేయించినాడు. ఎండకు ఇనుము సాగింది అంతే అని చదువుకున్నవారు నాతో అన్నారు. ఇది నా సొంత మాట: ముప్పై నాలుగు ఏండ్లు ఈ లైను మీద సుత్తి పట్టుకుని నడిచినవాణ్ణి నేను. సాగిన ఇనుము ఒకనాడు ఇటు పోతుంది, ఒకనాడు అటు పోతుంది. ఏడు దినాలూ ఒకే దిక్కుకు పోదు.

గుడి కమిటీ పెద్ద కంబగిరి రాముడు అచ్చు వేయించిన బుక్కులో ఇదంతా లేదు. బండ్లు ఆగిపోయినాక, జొన్న చేలో, వాళ్ల నాయన కలలో అమ్మ వెలసిందని ఉన్నది. సర్వేకు వచ్చిన ఉద్యోగి ఆ బుక్కు చూసే ఆక్రమణ అని రాసుకున్నాడు. నేను ఆయనను అడ్డం పడి అడిగినాను: "అమ్మ లైను ఆగినాక వెలసింది అంటే, నాయనా, ఈ లైను ఎవరికి దారి ఇచ్చి వంగింది?" ఆయన వంపు దాకా నడిచి చూసి వచ్చినాడు. "నువ్వు చెప్పేది నిజమే అనిపిస్తాది పెద్దాయనా. కానీ నా చేతిలో ఉండేది బుక్కు. కాగితానికి కాగితమే జవాబు," అన్నాడు.

రాముడి ఇంటికీ పోయినాను.

"అచ్చయిపోయింది గదా మామా, ఇప్పుడేం చేసేది? మా నాయన పేరు ఒక్క చోట ఉంటే నీ సొమ్మేం పోయింది?"

"మీ నాయన పేరు నిలబడింది, అమ్మ గుడి పడిపోతాంది. ఆ సంగతి చూడు ముందు."

ఆయన కాఫీ తెప్పించినాడు. నేను తాగలేదు.

నేటికీ ఆషాఢంలో మొదటి మంగళవారం నాడు లింగమ్మ వంశపు ఆడబిడ్డ మొదటి కుంచె సున్నం పూస్తుంది. తరువాతనే మిగతావారు. తారు అంకెను గ్యాంగు పనివారి ఇండ్ల నుంచి ఒకరు దిద్దుతారు. నడుం నొప్పి ఉన్నవారు వంపు చుట్టూ మూడుసార్లు నడిస్తే గుణం కనిపిస్తుంది. దూరప్రయాణం పోయేవారు మొక్కుకుంటే క్షేమంగా ఇల్లు చేరుతారు. అకారణంగా నింద పడినవారికి ఈ తల్లి తప్పక నిజం తేల్చి ఇస్తుంది.

భక్తులకు ఒక మనవి. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసే మనిషిని. ఆఫీసుకు పోయే కాగితం నా చేత కాదు. గడువు లోపల ఎవరైనా ఈ చరిత్రను వరుసగా రాసి, అమ్మ లైనుకంటే ముందే ఇక్కడ ఉన్నదని రికార్డు సరిచేయించండి. మొదటి సంతకం నాది. రాసేది కంబగిరి రాముడైనా నాకు అడ్డం లేదు. ఆయన చేతిరాత బాగుంటుంది, అది నేను ఎన్నడూ కాదనలేదు. లింగమ్మ పేరు మాత్రం పైన రాయాల. వాళ్ల నాయన పేరు కింద ఎక్కడన్నా రాసుకోనీ.