చేటలో మంద

ఒక సరస్సు ఒడ్డున బాతులు మేపుకునేవాళ్ళ గుడిసెలు ఉండేవి. అక్కడికి ఎప్పుడూ ఎవరో మంద తోలుకుని వస్తుంటారు, ఎవరో పోతుంటారు.

ఓ ఏడు బాతులకి తెగులొచ్చింది. పొద్దున్నే దొడ్లో బాతుల్ని చూసి, మెడ వాల్చినదాన్ని తీసేసేవాళ్ళు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఆ గుడిసెల పెద్ద విసిగిపోయి, ఇక మందంతా పూడ్చేద్దామన్నాడు. బాతులు పోతే వాళ్ళకి ఇంకో బతుకు లేదు.

ఆ గుడిసెల్లో ఒక మామ్మ ఉంది. చేటనిండా తెల్ల గవ్వలు పోసి, ఒక చింతపిక్క వేసి, మెల్లగా ఊపేది. పిక్క తగిలిన గవ్వని తీసి అక్కడ ఇంకో పిక్క పెట్టేది. మధ్యమధ్యలో గుప్పెడు తీసి గుప్పెడు కొత్తవి పోసేది. గవ్వంటే మంచి బాతు, పిక్కంటే తెగులు బాతు; తీసినవి అమ్మిన బాతులు, పోసినవి వచ్చిన బాతులు అన్నమాట. మామ్మకి చిన్నతనం వచ్చిందని అందరూ నవ్వుకున్నారు. ఆవిడ ఊపుతూనే ఉంది.

పెద్ద వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం కనబడింది మామ్మా?"

"ఉన్న పిక్కలు ఏరేస్తే చేట తెల్లబడుతుంది అబ్బాయ్. పోసే గుప్పెట్లో ఒక్క పిక్క ఉన్నా మళ్ళీ నల్లబడిపోతుంది."

పెద్ద తల దించుకున్నాడు. వచ్చే మందలన్నీ చుట్టాలవే; చుట్టాల మందని ఆపి, తెగులుందేమోనని పట్టి చూడటం వాళ్ళలో పెద్ద అవమానం. నేరుగా దొడ్లోకి తోలి, ముందు వాటికే నూకలు వేస్తారు.

"చుట్టాన్ని గుమ్మంలో ఆపి మొహం ఎలా చూపించను?"

"ముందు నా కూతుర్నే ఆపుతాను."

సాయంత్రం కూతురు మంద తోలుకొచ్చింది. మామ్మ కర్ర అడ్డం పెట్టి, ఆ బాతుల్ని దూరంగా వల కట్టి ఉంచింది. కూతురు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రెండ్రోజులకి వలలో కొన్ని మెడలు వాల్చాయి. కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచి ఏ మంద వచ్చినా ముందు వలలోకే. దొడ్లో తెగులు ఆగింది.

జనానికి ఆ చేట మీద ఎంత భక్తో చెప్పలేం. తెగులు ఆగిన రోజు ఎలా ఉందో అలాగే గవ్వలు కదలకుండా జిగురుతో అంటించి, పసుపు రాసి, పెద్ద ఉండే గుడిసెలో వేలాడదీశారు.

మళ్ళీ వానలొచ్చాయి. దూరంగా కొత్త మందల అరుపులు వినబడ్డాయి. అందరూ వెళ్ళి చేటకి దణ్ణం పెట్టుకుంటున్నారు. మామ్మ వచ్చి చేట దించి, గోళ్ళతో గవ్వలన్నీ గీకేయడం మొదలెట్టింది.

పెద్ద కంగారుపడ్డాడు. "మన మందని కాపాడింది కదా మామ్మా అది."

"ఆ మంద ఏది అబ్బాయ్ ఇప్పుడు? అమ్మినవి పోయాయి, కొత్తవి వచ్చాయి." అంది మామ్మ, ఖాళీ చేట దులుపుతూ. "గవ్వలు తీసుకురా. వాళ్ళు దగ్గరికొచ్చేశారు."