కిర్రుమన్నా వినపడని వంతెన

అనగనగా ఒక అడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక వాగు. వాగుకు ఈ పక్క చిన్న జంతువుల బొరియలు, పొదలు. ఆ పక్క తియ్యటి దుంపలు, రాలిన పళ్లు. అంటే ఇల్లు ఒక ఒడ్డున, తిండి ఇంకో ఒడ్డున అన్నమాట. రెండు ఒడ్లనూ కలిపేది మొద్దులతో కట్టిన ఒక వంతెన.

వంతెన బాగా పాతది. అందుకని అక్కడివాళ్లకు ఒక అలవాటు ఉండేది. ముందు ఒక కాలు మొద్దు మీద పెట్టాలి. చెవి వంచి వినాలి. మొద్దు ఊరుకుంటే నడవాలి. కిర్రుమంటే వెనక్కి రావాలి. పిల్లలకు నడక రాగానే తల్లులు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఆ అడవిని దంతప్ప అనే ఏనుగు ఏలేవాడు. మంచివాడే, పాపం. పని అప్పగిస్తే అయిపోయినట్టే అనుకునేవాడు, అదొక్కటే అతని లోపం. ఆయనకు ఇద్దరు మంత్రులు. దారులు, వంతెనలు చూసేవాడు బూరన్న అనే ఎలుగుబంటి. పరదేశం నుంచి వచ్చే బాతులు వాలడానికి ఒక మైదానం ఉండేది. దాన్ని చూసేవాడు పింఛయ్య అనే నెమలి.

పింఛయ్యకు గొప్పలంటే ప్రాణం. "ఇంకా గుంపులు రావాలి. మన అడవి పేరు నాలుగు దిక్కులా మోగాలి" అంటూ ఆ ఏడు మైదానాన్ని పెంచుకుంటూ పెంచుకుంటూ వాగు ఒడ్డు దాకా తెచ్చాడు. పేరు సంగతేమో గానీ మోత మాత్రం బ్రహ్మాండంగా మోగింది. పొద్దున బాతులు దిగేటప్పుడు ఒకటే అరుపులు. సాయంత్రం మళ్లీ అవే అరుపులు. పక్కన నిలబడి పిలిచినా పలికేవాళ్లు లేరు.

ఒకనాటి సాయంత్రం చీపురమ్మ అనే ముళ్లపంది తన కొడుకు పుల్లిగాడితో వంతెన దగ్గరికి వచ్చింది. పుల్లిగాడు బుద్ధిమంతుడు. అమ్మ చెప్పినట్టే కాలు పెట్టాడు. చెవి వంచాడు. మొద్దు కిర్రుమంది. కానీ బాతుల గోలలో వాడికేమీ వినపడలేదు. నడిచాడు. మొద్దు విరిగింది, వాడు వాగులో పడ్డాడు.

అది ఎండాకాలం కాబట్టి నీళ్లు తక్కువ. ఒక ముసలి తాబేలు వాడిని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చింది. ప్రాణం దక్కింది గానీ కాలు బెణికింది. చీపురమ్మ కొడుకు కాలికి ఆకుపసరు రాస్తూ వాగు వైపు చూసింది. వానలు మొదలైతే ఇదే వాగు మానులను కూడా లాక్కుపోతుంది. అప్పుడు పడితే ఏ తాబేలూ కాపాడలేదు. దాటకుండా ఇంట్లో కూర్చుంటే ఆకలి చంపుతుంది.

మరునాడే ఆమె బూరన్న దగ్గరికి వెళ్లింది. బూరన్న తేనెపట్టు నాకుతూ ఉన్నాడు.

"అయ్యా, వంతెన విరిగి నా కొడుకు పడ్డాడు. వానలు రాకముందే బాగుచేయించండి" అంది.

"వంతెనదేముందమ్మా, దాని పని అది చేసింది. కిర్రుమందా లేదా? అంది. నీ కొడుకు వినలేదు. ఎందుకు వినలేదు? మోత. మోత నా శాఖ కాదు. పింఛయ్యను అడుగు" అన్నాడు బూరన్న.

చీపురమ్మ పింఛయ్య దగ్గరికి వెళ్లింది. పింఛయ్య పింఛం సర్దుకుంటూ ఉన్నాడు.

"అయ్యా, మీ మైదానం మోతకు వంతెన చప్పుడు వినపడక నా కొడుకు పడ్డాడు" అంది.

"మోత ఎవరినైనా తోస్తుందా తల్లీ? వాడిని పడేసింది పుచ్చిపోయిన మొద్దు. మొద్దు నా శాఖ కాదు. బూరన్నను అడుగు" అన్నాడు పింఛయ్య.

చూశారా పిల్లలూ, ఎంత చక్కగా చేతులు దులుపుకున్నారో. ఇద్దరి మాటలూ విడివిడిగా వింటే నిజమే అనిపిస్తాయి. కలిపి చూస్తే మాత్రం కాలు బెణికిన పిల్లవాడు మిగులుతాడు. నాకైతే ఆ ఇద్దరి చెవులూ పట్టుకుని మెలిపెట్టాలని ఉంది.

చీపురమ్మ ఊరుకోలేదు. నేరుగా దంతప్ప కొలువుకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. దంతప్ప నొచ్చుకున్నాడు. మంత్రులిద్దరినీ పిలిచి, "వెంటనే చూడండి" అన్నాడు. కొద్ది రోజులకు ఇద్దరూ వచ్చి, "అయిపోయింది ప్రభూ" అన్నారు. దంతప్ప తొండం ఊపి సంతోషించాడు.

ఏం అయిపోయిందో చెబుతాను వినండి. బూరన్న పుచ్చిన మొద్దుల మీద మెత్తటి మట్టి పూయించి, రెండు చివరలా పూలతీగలు చుట్టించాడు. పైన పటారం, లోన లొటారం. పింఛయ్య ఒడ్డున నాలుగు మొక్కలు నాటించి, "ఇక మోత వాటిని దాటి రాదు" అని చాటింపు వేయించాడు. ఆ మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా లేవు. బాతులేమో ఆకాశంలోంచి అరుస్తున్నాయి.

చీపురమ్మ పూలతీగలు చూసి మురిసిపోలేదు. తనే ముందు వెళ్లి కాలు పెట్టింది. కాలు మట్టిలోంచి సర్రున కిందికి దిగబడింది. ముళ్లు మొద్దుకు తట్టుకోబట్టి ఆగింది గానీ, లేకపోతే ఆమె కూడా వాగులోనే ఉండేది.

మట్టి కాళ్లతోనే ఆమె మళ్లీ కొలువుకు వచ్చింది. దంతప్పకు కొంచెం విసుగొచ్చింది. "అయిపోయిందని వాళ్లు చెప్పారు కదమ్మా. ఇంకా ఏం కావాలి?" అన్నాడు.

"నాకేం వద్దు ప్రభూ. ఒక్క సాయంత్రం మీ కొలువు మా ఒడ్డున పెట్టండి. మంత్రులనూ తీసుకురండి. అంతే" అంది చీపురమ్మ.

బూరన్న పింఛయ్య వైపు చూశాడు. పింఛయ్య ఆకాశం వైపు చూశాడు. దంతప్పకు మాత్రం అందులో తప్పేమీ కనపడలేదు. సరేనన్నాడు.

అన్న ప్రకారం కొలువు వాగు ఒడ్డుకు వచ్చింది. చిన్న జంతువులన్నీ చేరాయి. ఒక కుందేలు లేచి తన కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టింది. అంతలో బాతుల గుంపు దిగింది. కుందేలు నోరు కదులుతోంది, మాట వినపడడం లేదు. దంతప్ప తన పెద్ద చెవులు రెండూ ముందుకు చాచాడు. అయినా ఒక్క ముక్క వినపడలేదు. అంత పెద్ద చెవులకే వినపడకపోతే ఇక ముళ్లపంది పిల్ల చెవులకు ఏం వినపడుతుంది?

ఆయన వంతెన వైపు తిరిగి, "బూరన్నా, ఒకసారి అటు వెళ్లి రా" అని గట్టిగా అరిచాడు.

బూరన్న అడుగు వెనక్కి వేశాడు. "ప్రభూ, లోపల మొద్దులు పుచ్చాయి. నా బరువు ఆగదు" అని ఆయన చెవి దగ్గరికొచ్చి నసిగాడు.

"పింఛయ్యా, నువ్వు తేలిక కదా. నువ్వు వెళ్లు. ఎగరకూడదు. నడవాలి."

పింఛయ్య ఒక కాలు పెట్టాడు. మెడ వంచాడు. విన్నాడు, విన్నాడు, ఇంకా విన్నాడు. చివరికి కాలు తీసేశాడు. "ఈ గోలలో కిర్రుమందో లేదో తెలియడం లేదు ప్రభూ" అని అరిచాడు.

మొద్దు తప్పు మొద్దు మంత్రే ఒప్పుకున్నాడు. మోత తప్పు మోత మంత్రే ఒప్పుకున్నాడు.

బాతుల గోల సద్దుమణిగింది. దంతప్ప అందరి ముందూ అన్నాడు. "వీళ్లను తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. నేను వాగును నీళ్లలో నడిచి దాటేవాడిని. వంతెన మీద ఏనాడూ కాలు పెట్టలేదు. అయిపోయిందంటే నమ్మాను, వచ్చి చూడలేదు. చీపురమ్మా, నీ కొడుకు పడ్డందుకు నేనే జవాబు చెప్పాలి."

అలా అని మంత్రులను వదిలేశాడనుకున్నారా? లేదు. "ఇవాళ్టి నుంచి మీ ఇద్దరి కాపురం ఈ ఒడ్డునే. తేనె కావాలన్నా, గింజలు కావాలన్నా వంతెన మీద నడిచే వెళ్లాలి" అన్నాడు.

ఇక పని ఎలా పరుగెత్తిందో చూడాలి. బూరన్న అడవంతా గాలించి గట్టి మద్ది మానులు వెతికాడు. దంతప్ప తనే తొండంతో వాటిని లాగి వేశాడు. చిన్న జంతువులు తీగలు పేని కట్లు కట్టాయి. పింఛయ్య బాతుల పెద్దమ్మను కలిసి, సిగ్గుపడుతూ సంగతి చెప్పాడు.

"అయ్యో, ఈ ముక్క ముందే చెప్పొద్దా నాయనా? నువ్వు ఇక్కడ దిగమంటే దిగాం. కింది మడుగు దగ్గరైతే మాకూ నీళ్లు దగ్గర" అంది ఆ బాతు. గుంపంతా అటు మళ్లింది.

వంతెన పూర్తయ్యాక మంత్రులు పాత ఇళ్లకు పోతామన్నారు. "నన్నెందుకు అడుగుతారు? చీపురమ్మను అడగండి" అన్నాడు దంతప్ప.

"ఈ వానాకాలం ఇక్కడే ఉండండయ్యా. కట్లు వదులైతే ముందు మీకే తెలుస్తుంది" అంది చీపురమ్మ. బూరన్న గొణిగాడు గానీ ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఎవరూ చెప్పకుండానే కట్లన్నీ లాగి చూసుకునేవాడు.

వానలు వచ్చాయి. వాగు ఎర్రగా పొంగింది. ఆ రోజు పుల్లిగాడు ఒంటరిగా దాటుతానన్నాడు. చీపురమ్మ ఒడ్డునే నిలబడింది. వాడు కాలు పెట్టాడు. విన్నాడు. నడిచాడు. కాసేపటికి ఆ ఒడ్డు నుంచి, "అమ్మా, వచ్చేశాను" అన్నాడు.

ఆ మాట ఈ ఒడ్డున ఉన్న తల్లికి స్పష్టంగా వినపడింది.

నీతి: పని అప్పగించి, అయిపోయిందన్న మాట నమ్మి కూర్చుంటే ఏలికకు బాధ్యత తీరదు. ఆ దారిన నడిచేవాళ్ల పక్కన నిలబడి చూడాలి. చూడకపోతే, చూసేదాకా అడగడం మనం మానకూడదు.