భద్రయ్య పడుకున్న చోట తడి

శేషమాంబగారి ముందుగదిలోకి చేపల తొట్టె వచ్చిన నాటినుంచి భద్రయ్యకి మనశ్శాంతి లేదు. భద్రయ్య ఆ ఇంటి కుక్క. గుమ్మడికాయల దొంగ ఎవరంటే, దొంగతనం చెయ్యకుండానే భుజాలు తడుముకునే రకం.

తొట్టె పక్కన గచ్చు చల్లగా ఉంటుందని మధ్యాహ్నాలు అక్కడే పడుకునేవాడు. కరెంటు పోయేది, ఫ్యాను ఆగేది, ఉక్కకి మెలకువ వచ్చి చూసుకుంటే పక్కన తడి! కరెంటు పోయినప్పుడల్లా ఇదే వరస. ఇంకొక్కసారి గచ్చు తడిస్తే రొయ్యల చెరువు కాపలాకి తోలేస్తానని శేషమాంబ చీపురు ఎత్తి మరీ చెప్పింది. బుద్ధెరిగాక ఆ గుమ్మం వదిలి ఎరగని భద్రయ్యకి ఆ పూట అన్నం సయించలేదు.

"మంగక్కా, ఇది నా పనేనంటావా?" అని పిల్లి మంగతాయిని అడిగాడు.

మంగతాయి మీసం దువ్వుకుంది. "పడుకున్నది నువ్వు, తడిసింది నీ పక్క. మరి నాదంటావా తమ్ముడూ?"

"నాకేం గుర్తులేదే!"

"నిద్దట్లో చేసిన పని ఎవడికి గుర్తుంటుంది? ఫ్యాను ఆగగానే ఉలిక్కిపడతావు. ఉలిక్కిపడితే ఏమవుతుందో నా నోటితో చెప్పించకు."

"కానీ అక్కా, వాసన చూశాను. చేపల వాసనేస్తోంది."

"రాత్రి చేపల పులుసన్నం గిన్నెతో సహా నాకిందెవరు? మల్లెపూల వాసనొస్తుందా మరి?"

భద్రయ్యకి నిజమే అనిపించింది. కాదేమో అని కూడా అనిపించింది. అంతలో గోడమీద బల్లి సత్తెమ్మ టిక్కుటిక్కుమంది.

"అదిగో, బల్లి పలికింది! సత్యం!" అంటూ మంగతాయి పంజాతో నేలమీద తట్టింది. బల్లి పలికాక ఇంక తిరుగేముంది? తొట్టెలో చేపలు నోళ్లు తెరిచి మూసి ఏదో చెబుతున్నట్టే ఉన్నాయి గానీ, అద్దం అవతలి మాట ఎవరికి వినబడుతుంది?

"అయితే ఇకనుంచి కరెంటు పోగానే నేనే అరుగుమీదికి పోతాను," అన్నాడు భద్రయ్య దిగాలుగా.

"బుద్ధిమంతుడివి నాయనా!" అంది మంగతాయి. ఆ మెచ్చుకోలు మరీ తియ్యగా ఉందేమిటా అని భద్రయ్యకి అనుమానం వచ్చింది. అనుమానించడం కూడా తన తప్పేమోనని ఊరుకున్నాడు.

మర్నాడు వంటింట్లో మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. భద్రయ్య ఒక్క పరుగున అరుగెక్కాడు. కాసేపటికి కిటికీ సందులోంచి సత్తెమ్మ తల బయటపెట్టింది.

"ఒరే, లోపల గచ్చు తడిసింది."

భద్రయ్య కిందికి చూసుకున్నాడు. అరుగు పొడిగా ఉంది. తోక కింద వాసన చూసుకున్నాడు. ఏమీ అర్థం కాలేదు. "ఇక్కడ కూర్చుని అక్కడెలా తడిపాను సత్తెమ్మత్తా? నాకంత శక్తి ఎక్కడిది?"

"నీ మొహం! నువ్వు కాదురా, తొట్టె. నిన్న చెబుదామని గొంతు సవరించుకుంటే సత్యం సత్యమని నా నోరు మూయించారు. బుడగలు పంపే గాలి మోటారుని నీళ్లకంటే దిగువన, గచ్చుమీద పెట్టారు. కరెంటున్నంతసేపూ గాలి నీళ్లని తోస్తుంది. పోయిందా, తోసే దిక్కులేక నీళ్లు ఆ గాలి గొట్టంలోంచే వెనక్కి దిగి మోటారులోంచి కారతాయి."

"అయితే నేను కానే కాదా?" భద్రయ్యకి సంతోషంతో ఏడుపొచ్చింది. "మరి మంగక్క అలా అందేం? ఆవిడకి తెలీదా?"

"రోజూ ఆ నీళ్లు నాకేది ఆవిడే! సరేగానీ, పక్కనే నేలమీద ప్లగ్గుల బోర్డుంది. తడి దాని కిందికి పాకింది. ఇప్పుడు కరెంటొస్తే అందులో కాలు పెట్టినవాళ్లు బతుకుతారా?"

శేషమాంబ ఇంట్లో చెప్పులు వేసుకోదు. చీపురెత్తినా అన్నం పెట్టే చెయ్యి ఆవిడదే. భద్రయ్య ఒక్క ఉరుకున లోపలికి దూకి, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇల్లెగిరేలా మొరిగాడు.

"దీనికేమొచ్చిందే!" అంటూ శేషమాంబ గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్కడ తొట్టెమీద మంగతాయి మూత పక్కకి నెట్టి, నీళ్లలో చెయ్యి పెట్టి ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. స్విచ్చి కట్టకుండా వదిలేసిన మిక్సీ ఒక్కసారిగా గుర్రుమంది. మంగతాయి అదిరిపడి కిందికి దూకింది, ఆ తడిలోకే.

ఫట్!

మంగతాయి ఎగిరి సోఫా కింద పడింది. ఫ్యూజు పోయింది. ఇల్లంతా కాలిన వాసన.

శేషమాంబ తడిని చూసింది, తడిసిన పిల్లిని చూసింది, పొడిగా ఉన్న కుక్కని చూసింది. గుమ్మంలోనే కూర్చుని భద్రయ్య మెడ కావలించుకుంది. రొయ్యల చెరువు మాట మళ్లీ ఎత్తలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారుని తొట్టెకంటే ఎత్తున గూట్లోకీ, బోర్డుని గోడమీదికీ ఎక్కించాడు. చుక్క పడినా తీగవెంట ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోయేలా, తీగని ముందు కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తెచ్చాడు. మంగతాయికి ముందుగదిలో అడుగు పెట్టే యోగం పోయింది.

సాయంత్రం ఆవిడ కాలిన మీసాలతో పెరట్లో కుంటుతూ కనబడింది.

"తొట్టెమీదికి ఎందుకెక్కావక్కా?" అని అడిగాడు భద్రయ్య.

"దోమలు తోలడానికి."

తాడిచెట్టెందుకెక్కావంటే దూడమేతకి అన్నట్టుంది. భద్రయ్య కాసేపు బుర్ర గోక్కున్నాడు. "నీళ్లు కారుతున్నాయని నీకు ముందే తెలుసటగా?"

"నీళ్లు కారుతున్నాయని తెలుసు తమ్ముడూ," అంది మంగతాయి కాలు నాక్కుంటూ. "వాటి వెనకాల కరెంటు కూడా వస్తుందని ఎవరికి తెలుసు!"

కారే చోటు తెలిసీ చెప్పనివాడి కాలే ముందు తడుస్తుంది.