రంగి మెడకి చెమట గుడ్డ

ఖాసిం సాయిబు కొట్టంలో రెండు పెళ్ళి గుర్రాలుండేవి, రంగీ ముత్యమూ. ముత్యం మెడ సన్నగా, తీరుగా ఉండేది. రంగి మెడ మాత్రం రోలంత. పెళ్ళికొడుకు ఎక్కే గుర్రానికి వెండి మువ్వల పట్టెడ కట్టాలి. అది రంగికి జానెడు తక్కువ పడేది. అందుకని ఊరేగింపులో ముత్యం ముందు నడిచేది, రంగి వెనకాల మేళగాళ్ళ సామాన్లు మోసేది. అది గుర్తొస్తే చాలు, రంగికి పచ్చగడ్డి కూడా చేదుగా ఉండేది.

సాయిబుకి జాలేసి, చెమట పట్టి సన్నబడాలని రంగి మెడకి దళసరి చెమట గుడ్డ చుట్టడం మొదలెట్టాడు. రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టి, నీడలో అరగంట నడిపించేవాడు. వెంటనే విప్పి, చెమటంతా తుడిచి, నీళ్ళు పట్టేవాడు. ఉలవలు సగం చేశాడు.

"నాకూ ఇట్టాగే చేశాడక్కా, ఆర్నెల్లు పట్టింది" అంది ముత్యం.

"ఆర్నెల్లా? రైసుమిల్లు వాళ్ళ పెళ్ళి ఎల్లుండేగా!"

పక్కన కట్టేసిన మేకపోతు ఉలవల బక్కెట్టు వంక చూసి గడ్డం ఊపింది. ముత్యం అటు తిరగ్గానే గుసగుసలాడింది.

"వదినా, అరగంటకే ఇంత తగ్గితే రోజంతా ఉంచుకుంటే ఎంత తగ్గుద్ది? ఆ సంగతి ముత్యానికి తెలుసు. ఎందుకు చెప్తది, పట్టెడ పోద్దిగా!"

రంగి కడుపు భగ్గుమంది. "మరి సాయిబు విప్పేస్తాడుగా?"

"అందితే కదా విప్పేది! రేపు గుడ్డ కట్టగానే ఇటు రా, కొస పట్టి బిగిస్తా. తిండి కూడా మానెయ్. ఆ బక్కెట్టు ఇటు తోసెయ్, నేనే ఏదో కష్టపడతాలే."

మర్నాడు గుడ్డ కట్టి సాయిబు నీళ్ళకి వెళ్ళగానే మేకపోతు పళ్ళతో పట్టి బిగించేసింది.

"అక్కా, అంత బిగువైతే ఊపిరాడదు, విప్పించుకో!" అని అరిచింది ముత్యం.

"నీ ఏడుపు నాకు తెలీదా? రేపట్నించి సామాన్లు మొయ్యాల్సొస్తదని భయం నీకు!"

తాడు తెంపుకుని ఏటి ఇసకలోకి పరిగెత్తింది రంగి. సాయిబు ఎంత తిరిగినా దొరకలేదు. ఎండ మాడ్చేసింది. గుడ్డ కింద చెమట సలసలా కాగింది. నీళ్ళు తాగబోతే గుటక దిగలేదు. అయినా ముత్యం వీపు మీద డప్పులూ సన్నాయిలూ ఊహించుకుని మురిసిపోయింది.

పొద్దు వాలేసరికి తూలుకుంటూ కొట్టానికొచ్చింది. సాయిబు గుడ్డ విప్పితే తోలు కూడా దాంతోపాటే వచ్చింది. మెడ వాచి రెండు రోళ్ళంత అయింది.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందే నీ పని!" అని తల కొట్టుకున్నాడు సాయిబు. "ఇది మానేదాకా నీ మీద తాడు కూడా వెయ్యకూడదు."

పెళ్ళి రోజు ముత్యం మువ్వలు మోగించుకుంటూ వెళ్ళింది. సామాన్లకి గాడిదని మాట్లాడుకున్నారు. రంగి ఈగలు తోలుకుంటూ మేకపోతు మీద పడింది.

"నమ్మినందుకు నా గొంతు కోశావు కదరా!"

మేకపోతు తీరిగ్గా నెమరేసింది. "నన్నెక్కడ నమ్మావు వదినా? నేను చెప్పింది ఒక్క మాటే. ముత్యం మీద నీ కుళ్ళు మిగతాదంతా చెప్పింది."

కడుపుమంటతో ఉన్నవాళ్ళకి మేలు చెప్పేవాడు పగవాడిలా, ముంచేవాడు చుట్టంలా కనిపిస్తాడు.