సన్యాసి వదలని బ్రేకు

మెట్టవలసలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని పైడయ్య, గవరయ్య, సన్యాసి అనే ముగ్గురన్నదమ్ముల నమ్మకం. ఇంటికి తాళం నొక్కేసి, దొంగల చేతికి దొరక్కుండా తాళంచెవి ఇంట్లోనే దాచి వెళ్ళే రకం. తిరిగొచ్చాక పైకప్పు పెంకులు తీసి లోపలికి దిగేవాళ్ళు. "ఇంత ఓపిక ఏ దొంగకుంటుందిరా!" అని పొంగిపోయేవాళ్ళు.

చిన్నవాడి పేరు సన్యాసే గానీ పెళ్ళంటే మహా సరదా. దిగువపేట ముత్యాలనాయుడి కూతురు నూకరత్నంతో సంబంధం కుదిరేలా ఉంది. ముగ్గురూ తాతగారి కాలంనాటి మోటారుసైకిలెక్కి పెళ్ళిచూపులకి బయల్దేరారు. మెట్టవలస నుంచి దిగువపేటకి ఒకటే దిగుడు. వాళ్ళ గుమ్మం రాగానే సన్యాసి ముందు బ్రేకు నొక్కాడు. బండి మర్యాదగా ఒక కూత కూసింది గానీ ఆగలేదు. వెనక బ్రేకు తొక్కితే, ముగ్గురి బరువు చూసి అదీ చేతులెత్తేసింది. ఇంకేముంది, మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చిన ముత్యాలనాయుడినీ, తలుపు చాటున నిలబడ్డ పిల్లనీ దాటేసి, మూడో ఊళ్ళో గడ్డివాములో తేలారు. సన్యాసి కళ్ళబడింది ఆకుపచ్చ చీర చెంగు ఒక్కటే. ఆ చెంగు మీదే మనసు పారేసుకున్నాడు పాపం.

సాయంత్రానికి కబురొచ్చింది. "గురువారం పది గంటలకి మళ్ళీ రండి. మా గుమ్మం ముందు ఆగితే పిల్లనిస్తాం. ఆగకపోతే అట్నుంచి అటే పొండి."

నడిచి పోవచ్చుగా అని మీకూ నాకూ తోస్తుంది. పైడయ్య ఒప్పుకోలేదు. "నడిచేవాడు ఎవడైనా ఆగుతాడు. అందులో మన గొప్పేముంది?"

జిలానీ మేస్త్రీని పిలిచారు. ఆయన ముందు చక్రం విప్పి, డ్రమ్ము లోపల చూసి పెదవి విరిచాడు. "బ్రేకు షూలు డ్రమ్ముకి ఒక మూలే తగులుతున్నాయి. మొత్తం ఆనితేనే బండి ఆగేది. డ్రమ్ము లోపల సుద్ద రాసి, చక్రం తిప్పి, కొంచెం బ్రేకు నొక్కండి. సుద్ద ఎక్కడ అంటుకుంటే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ గరుకు కాగితంతో రుద్దండి. రేపొచ్చి చూస్తా."

రాశారు, తిప్పారు, నొక్కారు. షూల మీద రెండు చోట్ల తెల్లగా అంటుకుంది. రుద్దారు. గవరయ్య ముక్కు మీద కూడా అంటుకుంది.

"మేస్త్రీ ఎక్కడంటే అక్కడన్నాడు. ముక్కుని వదిలెయ్యమన్లేదు" అన్నాడు పైడయ్య.

"ఎత్తుగా ఉన్నమాట కూడా నిజమే కదన్నయ్యా" అని గవరయ్యే ముక్కు ముందుకి పెట్టాడు.

అంతే, రుద్దుడే రుద్దుడు. ఆ తర్వాత పైడయ్య మీసం సగం పోయింది. వాకిట్లో తిరిగే తెల్లకోడిని కూడా పొద్దుగూకేదాకా తరిమారు గానీ అది వీళ్ళకంటే చురుకైంది.

మర్నాడు, మంగళవారం, మేస్త్రీ వచ్చి షూలు చూసి మెచ్చుకున్నాడు. చక్రం ఎక్కిస్తూ, "దీని దగ్గరికి నూనె రానివ్వకండి. చుక్క తగిలినా బ్రేకు జారుతుంది" అన్నాడు. అన్నదమ్ముల గుండె ఆగినంత పనైంది. ఇంట్లో డబ్బాడు నువ్వుల నూనె ఉంది! గవరయ్య పరుగున డబ్బా ఎత్తుకెళ్ళి ఇంటిముందు రోడ్డు మీద, సరిగ్గా దిగుడు మొదట్లో, ఆఖరి చుక్కదాకా వొంపేశాడు.

ఇవతల మేస్త్రీ సన్యాసి చేత బ్రేకు గట్టిగా నొక్కించాడు. "ఇలా పట్టి ఉంచి ఇరుసు నట్టు బిగిస్తే లోపల అన్నీ మధ్యకొచ్చి సర్దుకుంటాయి. నేను చెప్పేదాకా వదలకు తమ్ముడూ" అని నట్టు బిగించాడు. బ్రేకు బ్రహ్మాండంగా కుదిరింది. "ఉండు, గాలి పంపు తెస్తా" అని రోడ్డు దాటబోయాడు.

ఇంకేముంది! నూనె మీద కాలు జారి చతికిలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే సగం దిగుడు జారిపోయాడు. కాలు విరిగింది. దారినపోయే ఎడ్లబండి ఆయన్ని పట్నం ఆసుపత్రికి మోసుకుపోయింది.

సన్యాసి వదల్లేదు. అన్నలు ముద్దలు కలిపి నోట్లో పెట్టారు. బండి మీదే కునుకు తీశాడు. చెయ్యి తిమ్మిరెక్కి, వేళ్ళు కొయ్యబారాయి. వదిలితే బ్రేకు పోతుంది, బ్రేకు పోతే ఆకుపచ్చ చెంగు పోతుంది. ఆ భయంతో కళ్ళనీళ్ళు కారుతున్నా పళ్ళ బిగువున పట్టుకునే ఉన్నాడు.

గురువారం తొమ్మిదిన్నరైంది. మేస్త్రీ రాలేదు. నొక్కి ఉంచితే బండి కదలదు, వదిలితే మేస్త్రీ మాట తప్పినట్టు. అప్పుడు గవరయ్య బుర్ర పనిచేసింది. వైరు తప్పించి, నట్టు విప్పి, బ్రేకు పిడిని హ్యాండిల్ నుంచి ఊడదీశాడు. "చూశావా, చక్రమూ తిరుగుతోంది, బ్రేకూ నీ చేతిలోనే ఉంది!"

పైడయ్య నడుపుతుంటే సన్యాసి మధ్యలో కూర్చున్నాడు. నూనె పుణ్యమా అని బండి ఇంకా సుఖంగా జారింది. ముత్యాలనాయుడి గుమ్మం వచ్చింది. సన్యాసి రెండు చేతులతో పిడిని నొక్కాడు, బలమంతా పెట్టి నొక్కాడు. బండిని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. గతుకు తగిలింది. అంతే, ఎగిరి వాకిట్లో ఆరబోసిన వడియాల మీద పడ్డాడు. అన్నలు మూడో ఊరికి పోయారు.

ముత్యాలనాయుడు మాట మీద నిలబడే మనిషి. "గుమ్మం ముందు ఆగావు బాబూ. పిల్లనిస్తాను."

నూకరత్నం మంచినీళ్ళిస్తూ, "ఆ చేతిలో ఏంటండీ?" అంది.

"బ్రేకండి. వదలొద్దన్నారు. రెండ్రోజులైంది."

ఇనపముక్కనే ఇంతలా పట్టుకున్నవాడు తననేం వదుల్తాడని ఆ పిల్ల మురిసిపోయింది.

పదో రోజున మెట్టవలసలో పెళ్ళి జరిగింది. తాళి ఎడమచేత్తోనే కట్టాడు. మనుగుడుపులకి అత్తవారింటికి వెళ్ళాలి కదా, సన్యాసి చెయ్యి దాని మీదుండగానే అన్నలు పిడిని బండికి బిగించి వైరు తగిలించారు. ఆకుపచ్చ చీర కట్టుకుని నూకరత్నం వెనక కూర్చుంది. దిగుడు మొదట్లో, చరిత్రలో మొదటిసారి, ఆ బండి రాయిలా నిలబడింది. అది ఆగిందని అందరికీ సంబరమే. ఎలా కదిలించాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

అప్పుడే కాలికి కట్టుతో, కర్ర ఊతంతో జిలానీ మేస్త్రీ వచ్చాడు. చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకా పట్టుకునే ఉన్నావా! వదలరా నాయనా, వదిలెయ్!"

సన్యాసి పన్నెండు రోజుల చెయ్యి విప్పాడు. ఆహా, ఏం హాయి! ఇంకేముంది, బండి దిగుడందుకుంది. కింద గుమ్మం ముందు హారతి పళ్ళెంతో ముత్యాలనాయుడు నిలబడి ఉన్నాడు.

"బ్రేకు నొక్కండీ!" అని అరిచింది నూకరత్నం.

"ఎలా నొక్కుతాను? మేస్త్రీ వదలమన్నాడుగా!"

అదీ నిజమేననిపించింది ఆ పిల్లకి. గుమ్మం దాటిపోతూ వెనక్కి తిరిగి, "నాన్నా! మేస్త్రీని మూడో ఊరికి పంపించు!" అని కేకేసింది.