చేటడు పేలాలు

తిండి తగ్గించినకొద్దీ మాణిక్యాంబ ఒళ్ళు పెరుగుతోంది.

ఈవిడ మా అత్తగారికి పినతల్లి. పెన్న ఒడ్డున పేరమ్మగారి ఆశ్రమంలో శిష్యురాలిగా ఉండేది. ఒక తొలి ఏకాదశి నాడు వ్రతం పట్టింది. ఆకలేస్తే పేలపిండి ముద్దే తినాలి, అదీ పిడికిలి దాటకూడదు. జొన్న పేలాలు దంచి, బెల్లం, నువ్వులు, కొబ్బరి కలిపి, నెయ్యి పోసి ముద్ద కట్టుకునేది. అందరితో పంక్తిలో కూర్చోవడం మానేసింది. తిన్న కాసేపటికే మళ్ళీ ఆకలి. మళ్ళీ ఓ ముద్ద.

కార్తీకం వచ్చేసరికి వంగి పేరమ్మగారి పాదాలంటలేకపోయింది. అక్కడే ఏడ్చేసింది.

"నా భక్తిలోనే ఏదో లోపం ఉందమ్మా. రేపట్నుంచి ఆ ముద్ద కూడా మానేస్తాను. మంచినీళ్ళ మీదే ఉంటాను. ప్రాణం పోతే పోనీ."

పేరమ్మగారు ఆవిడ కళ్ళు తుడిచారు.

"ముద్దకి పేలాలు ఎన్ని పోస్తావే?"

"చేటడమ్మా."

"రేపు దంచకు. చేటతోనే పట్టుకురా. పక్కన ఇవాళ కట్టిన ముద్ద కూడా ఒకటి పెట్టుకురా."

పొద్దున్నే తెచ్చింది. పేరమ్మగారు చేట ఆవిడ ముందుకు జరిపి, చెంబుడు పల్చటి మజ్జిగ పెట్టారు.

"తిను."

"చేటడే! నా వ్రతం ఏం కానమ్మా?"

"ఆ పాపం నాకు రానీలే. ముందు నువ్వు తిను."

మాణిక్యాంబ భయపడుతూనే మొదలుపెట్టింది. నమిలింది, మజ్జిగ తాగింది, మళ్ళీ నమిలింది. సగమైనా కాకుండానే చెయ్యి ఆగిపోయింది.

"ఇంక పట్టదమ్మా. ఎన్నాళ్ళకి కడుపు నిండిందో!"

పేరమ్మగారు ముద్ద తీసి, చేటలో మిగిలిన పేలాల పక్కన పెట్టారు.

మాణిక్యాంబ దాన్ని చూసింది, చేటను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారుట పక్కవాళ్ళు. కాదు, నవ్వుతోంది.

"ఇన్నాళ్ళూ చేటలకి చేటలు మింగానా తల్లీ! పైగా బెల్లం, నెయ్యీనూ!"

"మరి పిడికిలి మాటే విన్నావు. కడుపుని ఒక్కసారీ అడగలేదు."

ఆ మధ్యాహ్నం ఆవిడ పంక్తిలో కూర్చుంది. సొరకాయ వేసిన మజ్జిగ పులుసు మారు అడిగి మరీ పోయించుకుంది. వడ్డించే సుందరమ్మ ఊరుకుంటుందా?

"ఏం మాణిక్యం, వ్రతం అయిపోయిందేమిటి?"

మాణిక్యాంబ తల దించుకుంది. పంక్తి చివరనుంచి పేరమ్మగారి గొంతు మెల్లగా వినిపించింది.

"ఇవాళే పట్టిందే. ఇంకో గరిటె పొయ్యి."